వంద శాతం అని ప్రింట్ చేసినా బోర్డు ఎందుకు చిన్నదవుతుంది?

ఇంట్లో తయారైన ఒక సర్క్యూట్ బోర్డును ఊహించుకోండి. డిజైన్‌ను కాగితం మీద ప్రింట్ చేసి, ఆ బొమ్మను రాగి పూసిన పలక మీదికి ఎక్కించి, అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించేసి (దీన్నే ఎచింగ్ అంటారు) చేసిన బోర్డు అది. రాగి గీతలు శుభ్రంగా వచ్చాయి, ఎక్కడా తెగలేదు, రంధ్రాలు వేయడమూ అయింది. 8 పిన్నుల ఐసీ (చిప్) ఒక్క నొక్కుతో దిగిపోయింది. దాని పక్కన కూర్చోవాల్సిన 40 పిన్నుల ఐసీ మాత్రం మొరాయిస్తోంది. ఒక చివర పిన్నులు రంధ్రాల్లో దూరితే, రెండో చివర పిన్నులు రంధ్రాలు తప్పి రాగి మీద నిలబడుతున్నాయి. డిజైన్ అదే, కాగితం అదే, ప్రింటర్ అదే. ప్రింట్ చేసేటప్పుడు 100 శాతం అని ఎంచుకున్నట్టు కూడా గుర్తే.

ఈ సమస్యకు సలహాలు ఎవరిని అడిగినా దొరుకుతాయి, వాటికి ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. సెట్టింగు మార్చమని ఒకరంటారు, ప్రింటర్ మార్చమని ఒకరంటారు, కాగితాన్ని ముందే ఒకసారి వేడి చేయమని ఇంకొకరంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు. కాకపోతే ముగ్గురూ మాట్లాడేది వేర్వేరు జబ్బుల గురించి. వాటిని విడదీసి చూడటానికి పనికొచ్చే ఆధారం ఒకటుంది: తేడా ఎంత శాతం అన్నది.

8 పిన్నులకు చెల్లిన తప్పు 40 పిన్నులకు ఎందుకు చెల్లదు

రెండు వరసల్లో పిన్నులుండే డిప్ ఐసీల్లో పక్కపక్క పిన్నుల మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మి.మీ. 40 పిన్నుల ఐసీకి ఒక్కో వరసలో 20 పిన్నులు, వాటి మధ్య 19 ఎడాలు. మొదటి పిన్ను నుంచి చివరి పిన్నుకు 19 × 2.54 = 48.26 మి.మీ. బొమ్మ 96 శాతానికి కుదించుకుని ప్రింటయిందనుకుందాం. ఆ దూరం 46.33 మి.మీ. అవుతుంది, అంటే 1.93 మి.మీ. తక్కువ. ఐసీని సరిగ్గా మధ్యకు సర్ది పెట్టినా ఒక్కో చివర దాదాపు ఒక మిల్లీమీటరు తేడా మిగులుతుంది.

8 పిన్నుల ఐసీకి వరసకు మూడే ఎడాలు, మొత్తం 7.62 మి.మీ. అదే 96 శాతంలో అది 7.32 అవుతుంది. తగ్గింది 0.3 మి.మీ., ఒక్కో చివర పడేది 0.15. పిన్ను వెడల్పు సుమారు 0.5 మి.మీ., రంధ్రం 0.8 మి.మీ. అనుకుంటే పిన్నుకు అటూ ఇటూ 0.15 మి.మీ. సందు ఉంటుంది. తప్పు మొత్తాన్ని ఆ సందు మింగేసింది.

లెక్కను తిరగేస్తే ఏ భాగం ఎంత తేడాను ఓర్చుకుంటుందో తెలుస్తుంది. అదే 0.15 సందుతో 8 పిన్నుల ఐసీ దాదాపు 4 శాతం దాకా భరిస్తుంది. 40 పిన్నుల ఐసీ 0.6 శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. వరసకు 32 పిన్నులుండే పొడవాటి కనెక్టర్‌లో చివరి నుంచి చివరికి 78.74 మి.మీ.; దానికి 0.4 శాతం కూడా ఎక్కువే.

ఇక్కడ చాలామందికి తారుమారుగా అనిపించే విషయం ఒకటుంది. 0.5 మి.మీ. ఎడంతో 100 పిన్నులుండే చదరపు చిప్‌ను చూస్తేనే కొలత వణుకు పుట్టిస్తుంది. అయితే దాని ఒక్కో వైపు మొదటి పిన్ను నుంచి చివరి పిన్నుకు ఉన్నది 24 × 0.5 = 12 మి.మీ. మాత్రమే. ఒక శాతం తప్పు వచ్చినా చివరి పిన్ను జరిగేది 0.06 మి.మీ. సన్నటి గీతలు తెగకుండా ఎచింగ్ చేయడం ఆ చిప్‌తో వచ్చే అసలు కష్టం. నిష్పత్తి విషయంలో అది పొడవాటి కనెక్టర్ కంటే ఎంతో ఉదారమైనది.

డిజైన్ నుంచి కాగితం దాకా చేతులు మారే కొలత

డిజైన్ సాఫ్ట్‌వేర్ లోపల కొలత ఎప్పుడూ కచ్చితమే. ప్రతి ప్యాడ్ (పిన్నును అతికే రాగి చుక్క) స్థానమూ మిల్లీమీటర్లలోనో, అంగుళంలో వెయ్యో వంతైన మిల్లుల్లోనో అంకెలుగా రాసి ఉంటుంది. 1959 ఒప్పందం నుంచి అంగుళం అంటే సరిగ్గా 25.4 మి.మీ. కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి మారినా ఏమీ పోదు. కొలత చేతులు మారేటప్పుడే చిక్కులు మొదలవుతాయి.

పీడీఎఫ్‌లో మూల కొలత పాయింటు, అంటే అంగుళంలో 72వ వంతు. అందువల్ల బోర్డు బొమ్మ పీడీఎఫ్‌గా మారినప్పుడు దాని అసలు పరిమాణం చెక్కుచెదరదు. కానీ పీడీఎఫ్‌ను ప్రింట్ చేసే ప్రోగ్రాం ఆ పేజీని చేతిలో ఉన్న కాగితానికి ఎలా అమర్చాలో మళ్లీ తానే నిర్ణయిస్తుంది. దాని తర్వాత ప్రింటర్ డ్రైవర్‌కూ సొంత స్కేలింగ్ సెట్టింగు ఉండవచ్చు. ఒకచోట 100 అని ఎంచుకున్నంత మాత్రాన రెండోచోట కూడా 100 అయినట్టు కాదు. 100 శాతం అని ఎంచుకున్నా బోర్డు చిన్నదైందనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే.

పీడీఎఫ్ 1.6 నుంచి ఫైలు లోపలే స్కేలింగ్ వద్దని రాసిపెట్టే వెసులుబాటు ఉంది. అది ప్రింట్ పెట్టె తెరుచుకున్నప్పుడు మొదట ఏ ఎంపిక కనిపించాలో సూచిస్తుంది, అంతే. ప్రింట్ చేసే ప్రోగ్రాం దాన్ని పట్టించుకోకపోయినా అడిగేవారు లేరు.

తేడా శాతమే దోషిని పట్టిస్తుంది

సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే తప్పులు ఎలా పడితే అలా రావు. వాటి వెనుక సాధారణంగా రెండు తెలిసిన అంకెల నిష్పత్తి ఉంటుంది. అందుకే ప్రింటయిన గీతను కొలిచి, రావాల్సిన పొడవుతో భాగిస్తే వచ్చే అంకె ఒక్కోసారి నేరుగా దోషి పేరే చెబుతుంది.

94, 96, 97 శాతాలు మొదటి గుంపు. లేజర్ ప్రింటర్లు కాగితం అంచుల్లో కొన్ని మిల్లీమీటర్లు ముద్రించలేవు. ఎ4 కాగితం వెడల్పు 210 మి.మీ.; రెండు వైపులా 4.2 చొప్పున వదిలేస్తే మిగిలేది 201.6, అంటే సరిగ్గా 96 శాతం. పేజీని కాగితానికి సరిపెట్టు అన్న ఎంపిక చేసే పని ఇదే. బోర్డు బొమ్మ పేజీ మధ్యలో బొటనవేలంత ఉన్నా అది మొత్తం పేజీని కుదిస్తుంది, దాంతోపాటు బోర్డునూ కుదిస్తుంది. కాగితం పరిమాణం తప్పుగా ఎంపికైతే ఇంకో రకం. ఎ4 ఎత్తు 297, అమెరికాలో వాడే లెటర్ కాగితం ఎత్తు 279.4, ఎ4 పేజీని లెటర్‌లో ఇమిడిస్తే 94.1 శాతం. లెటర్ పేజీని ఎ4 వెడల్పులో ఇమిడిస్తే 97.3 శాతం. వీటికి అంచుల లెక్క కూడా తోడైతే అంకె ఇంకాస్త దిగుతుంది.

93.75 వస్తే కథ వేరు. ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైళ్లలో కొలతలు పిక్సెళ్లలో ఉన్నప్పుడు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చదివే ప్రోగ్రామే ఊహించుకోవాలి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం పాత వెర్షన్లు 90 అనుకునేవి. 2017లో వచ్చిన 0.92 నుంచి అది 96కు మారింది. 90ని 96తో భాగిస్తే 0.9375. అడోబ్ ఇల్లస్ట్రేటర్ ప్రోగ్రాం పద్ధతిలో అంగుళానికి 72గా రాసిన ఫైలును 96గా చదివితే 75 శాతమే మిగులుతుంది. ఫైలు వెడల్పును మి.మీ.లలో స్పష్టంగా రాసి ఉంటే ఈ ఊహాగానాలకు తావే లేదు.

98.4 శాతం వస్తే నేరం ప్రింటర్‌ది కానే కాదు. ఎవరో ఆ భాగం ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద దాని ప్యాడ్ల అమరిక) గీసేటప్పుడు 2.54 బదులు 2.5 మి.మీ. అని గుండ్రంగా వేసేశారన్నమాట. 40 పిన్నుల వరసలో అది 0.76 మి.మీ. లోటుగా తేలుతుంది. అలాగని ఇది ప్రతిసారీ తప్పు కూడా కాదు. సోవియట్ కాలంనాటి ఐసీలు నిజంగానే 2.5 మి.మీ. ఎడంతో తయారయ్యేవి; వాటిని 2.54 బోర్డులో పెట్టబోతే ఇదే గొడవ ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఈ రకం తప్పును పట్టుకునే తేలిక దారి ఒకటుంది: మిగతా బోర్డు కొలత సరిగ్గా ఉండి, ఆ ఒక్క భాగమే తేడాగా ఉంటుంది.

చుక్కల బొమ్మకు సొంత కొలత లేదు

పీఎన్‌జీ వంటి బిట్‌మ్యాప్ బొమ్మలో ఉండేవి పిక్సెళ్లు మాత్రమే. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న సమాచారం, అంటే డీపీఐ, ఫైలుకు తగిలించిన చీటీ వంటిది. ఎడిటింగ్ ప్రోగ్రాముల చేతుల్లో పడినప్పుడు ఆ చీటీ తేలిగ్గా ఊడిపోతుంది. 300 డీపీఐతో తీసిన బొమ్మ చీటీ పోయి 96గా చదవబడితే బోర్డు 3.1 రెట్లు పెద్దదవుతుంది. అంత పెద్ద తప్పు కంటికి కనబడాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ భారీ బొమ్మను ప్రింట్ ప్రోగ్రాం వెంటనే కాగితానికి సరిపడా కుదించేస్తుంది. రెండు తప్పులు కలిసి, చూడటానికి మామూలుగానే ఉన్న ఒక ప్రింటు చేతికొస్తుంది. దాని నిష్పత్తికి ఏ అర్థమూ ఉండదు, పై లెక్కల్లో దేనికీ అందదు.

బిట్‌మ్యాప్ పనికిరాదని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. 600 డీపీఐ దగ్గర 2.54 మి.మీ. అంటే సరిగ్గా 60 చుక్కలు, అర చుక్క కూడా తేడా రాదు. 0.5 మి.మీ. మాత్రం 11.81 చుక్కలు, అందువల్ల కొన్ని ఎడాలు 12 చుక్కలుగా, కొన్ని 11గా పడతాయి. ఒక చుక్క 0.042 మి.మీ. మాత్రమే. పైగా ఈ సవరింపు పేరుకుపోదు. ప్రతి ప్యాడూ తన అసలు స్థానానికి దగ్గరి చుక్క మీద పడుతుంది.

చిక్కంతా బిట్‌మ్యాప్‌ను మళ్లీ సాగదీసినప్పుడే. ఒక అర శాతం పెంచాలన్నా పిక్సెళ్లన్నిటినీ కొత్త గడుల్లోకి సర్దాలి. నలుపు తెలుపుల మధ్య గీత బూడిద రంగులోకి జారుతుంది, లేజర్ ప్రింటర్ ఆ బూడిదను చుక్కలుగా చల్లుతుంది, సన్నటి ట్రాక్ (రాగి గీత) అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. గీతలను అంకెలుగా దాచే వెక్టర్ ఫైలులో ఈ బెడద లేదు. అక్కడ అంకెలే మారతాయి.

సెట్టింగులన్నీ సరిచేశాక మిగిలే అర శాతం

సాఫ్ట్‌వేర్ వ్యవహారం చక్కబడిన తర్వాత కూడా పరీక్షకు ముద్రించిన 150 మి.మీ. గీత 149.2గానో 150.6గానో రావచ్చు. ఇది వేరే జాతి తప్పు. దీని వెనుక గుండ్రటి నిష్పత్తులేవీ ఉండవు.

లేజర్ ప్రింటర్‌లో అడ్డంగా గీసేది తిరిగే అద్దం మీంచి పరావర్తనం చెందే లేజర్ కిరణం. నిలువు కొలతను నిర్ణయించేది కాగితం కదిలే వేగం. రెండూ పూర్తిగా వేర్వేరు యంత్రాంగాలు కాబట్టి అడ్డం సరిగ్గా ఉండి నిలువు పొడవుగా రావడంలో వింతేమీ లేదు. ఇంక్‌జెట్‌లో సిరా చల్లే తల కదలికను సన్నటి గీతల పట్టీ ఒకటి కనిపెట్టుకుని ఉంటుంది. నిలువు కొలత మాత్రం రోలర్లు కాగితాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

కాగితం సంగతి మరీ విచిత్రం. అది గాలిలోని తేమను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. దాని నారలు పొడవులో కంటే అడ్డంలో ఎక్కువ ఉబ్బుతాయి కాబట్టి రెండు దిక్కులా ఒకేలా పెరగదు. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను (సిరా పొడిని) కరిగించే వేడి రోలర్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు కాగితం తేమ కోల్పోయి కుంచించుకుంటుంది, బయటికొచ్చాక మెల్లగా కోలుకుంటుంది. అందుకే అప్పుడే తీసిన ప్రింటుకూ, మర్నాడు కొలిచిన అదే ప్రింటుకూ తేడా కనిపించవచ్చు. ఖాళీ కాగితాన్ని ముందొకసారి ప్రింటర్ గుండా పంపి, ఆ వెంటనే దాని మీద ముద్రించే అలవాటుకు తర్కం ఇదే: కుంచించుకునేదేదో ముద్రణకు ముందే కుంచించుకోనీ అని. బొమ్మను వెలుతురుతో రాగి మీదికి దించే ఫొటో పద్ధతికి వాడే పాలియెస్టర్ ఫిల్ముకు తేమ బాధ తక్కువ, వేడి బాధ ఉంటుంది.

పాత తరం వాళ్లు ఈ సమస్యను దాటిన తీరు ముచ్చటైనది. కంప్యూటర్లు రాకముందు బోర్డు బొమ్మను పారదర్శకమైన ఫిల్ము మీద నల్లటి టేపుతో రెండింతలో నాలుగింతలో పెద్దగా అంటించేవారు. రెండు గుర్తులు వేసి, వాటి మధ్య దూరం చివరికి ఎంత కావాలో అక్కడే రాసేవారు. కెమెరాతో బొమ్మను కుదించేటప్పుడు ఆ దూరాన్ని సరిచూసుకునేవారు. నాలుగింతల బొమ్మలో చెయ్యి అర మిల్లీమీటరు జారినా బోర్డు మీద పడేది దానిలో నాలుగో వంతే. ఇంటి ప్రింటర్ అసలు పరిమాణంలోనే ముద్రిస్తుంది కాబట్టి ఆ సౌలభ్యం మనకు లేదు. దాని తప్పు తగ్గకుండా రాగి మీదికి దిగుతుంది.

కొలిచే పద్ధతిలోనే దొర్లే తప్పులు

అర శాతం తప్పును పట్టుకోవాలంటే కొలత దానికంటే నమ్మకంగా ఉండాలి. మామూలు స్కేలుతో పావు మిల్లీమీటరు అటూ ఇటూ పోవడం సహజం. 50 మి.మీ. గీత మీద అదే అర శాతం, అంటే వెతుకుతున్న తప్పంత. 200 మి.మీ. గీత మీద ఆ పావు మిల్లీమీటరు 0.125 శాతమే. అందుకే బోర్డు చిన్నదైనా పరీక్ష గీత పేజీ పట్టినంత పొడవుగా ఉండటం మేలు.

ఇంకోటి గీత మందం. టోనర్ కాస్త వ్యాపిస్తుంది, 0.3 మి.మీ. గీత 0.35గా రావచ్చు. ఒక చతురస్రాన్ని బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే ఈ వ్యాప్తి కూడా లెక్కలో కలిసిపోయి నిష్పత్తి పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. ఒక గీత ఎడమ అంచు నుంచి ఇంకో గీత ఎడమ అంచుకు కొలిస్తే రెండు వ్యాప్తులూ కొట్టుకుపోతాయి.

అసలు ఐసీనే ప్రింటు మీద పెట్టి చూసే పద్ధతికి అభిమానులు ఎక్కువ. ఫుట్‌ప్రింట్ తప్పులను, 96 శాతం వంటి మోటు తప్పులను అది క్షణంలో బయటపెడుతుంది. అర శాతాన్ని మాత్రం పట్టలేదు; కాగితం మీద పిన్నులను కాస్త సర్దుకుని సరిపోయిందనుకునే గుణం మన కంటికి ఉంది.

సవరణ గుణకం: వాడేవారి వాదన, వద్దనేవారి వాదన

బోర్డులు డిజైన్ చేసే కీక్యాడ్ ప్రోగ్రాంలో పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్లకు పంపే ఒక ఫైలు రకం) రూపంలో బొమ్మ తీసేటప్పుడు, ప్రింటు తప్పును సరిచేసేలా బొమ్మను ముందే పెంచే లేదా తగ్గించే గుణకాలను అడ్డానికి, నిలువుకు వేర్వేరుగా ఇవ్వవచ్చు. ఈగిల్ అనే ఇంకో డిజైన్ ప్రోగ్రాం ప్రింట్ పెట్టెలోనూ అలాంటి గడులు రెండున్నాయి. లెక్క తేలికే. 150 రావాల్సిన అడ్డ గీత 149.2 వస్తే గుణకం 150 ÷ 149.2 = 1.0054. నిలువు గీత 150.6 వస్తే 150 ÷ 150.6 = 0.9960. భాగహారం తలకిందులైతే తప్పు పోవడానికి బదులు రెట్టింపవుతుంది: 149.2 కాస్తా 148.4కు దిగుతుంది. గుణకం పెట్టాక వచ్చిన ప్రింటు 149.9 ఉంటే, కొత్త గుణకం పాతదాని మీదే లెక్కకట్టాలి: 1.0054 × 150 ÷ 149.9 = 1.0061.

దీన్ని వ్యతిరేకించేవారి మాటలోనూ పస ఉంది. ఈ రోజు తేమకు, ఈ కట్ట కాగితానికి కుదిరిన గుణకం వచ్చే వారం కుదరకపోవచ్చు. నీడను తరుముతున్నట్టే అంటారు. ఎవరి మాట చెల్లుతుందో ఆ ప్రింటరే చెబుతుంది. ఒకే పరీక్ష పేజీ వరసగా 149.2, 149.3, 149.2 ఇస్తే అది స్థిరమైన తప్పు, గుణకం దాన్ని తీసేస్తుంది. 149.2, 150.1, 149.6 ఇస్తే గుణకం పెట్టడం వృథా, అక్కడ కాగితాన్నో రోలర్లనో అనుమానించాలి. నా ఉద్దేశంలో ఈ వాదన ఇన్నాళ్లు తెగకపోవడానికి కారణం, రెండు పక్షాల వాళ్ల బల్లల మీదా వేర్వేరు ప్రింటర్లు ఉండటమే. చిన్న బోర్డులకు ఇదంతా అనవసరమనే మూడో పక్షం కూడా ఉంది. 30 మి.మీ. బోర్డు మీద అర శాతం అంటే 0.15 మి.మీ. కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

రెండు వైపుల బోర్డులో రెట్టింపయ్యే వంకర

రెండు వైపులా రాగి ఉన్న బోర్డులో పై బొమ్మ, కింది బొమ్మ ఒకదానికొకటి సరిపోవాలి. రెండూ ఒకే ప్రింటర్ మీద ఒకే దిక్కుగా ముద్రితమైతే నిష్పత్తి తప్పు రెండింటికీ సమానం కాబట్టి అవి ఒకదానితో ఒకటి సరిపోతాయి. ఒకటి నిలువుగా, ఇంకొకటి పేజీ తిప్పి అడ్డంగా ముద్రితమైతే ఒకదాని అడ్డం తప్పు ఇంకొకదాని నిలువు తప్పుతో తలపడుతుంది.

ఏటవాలు తప్పు దీనికంటే మొండిది. కాగితం కాస్త వంకరగా సాగుతూ లోపలికి వెళితే దీర్ఘచతురస్రం సమాంతర చతుర్భుజంగా మారుతుంది. కాగితం మీది టోనర్‌ను వేడితో రాగికి అంటించే టోనర్ బదిలీలో పై పొరను అద్దంలో చూసినట్టు తిరగేసి ముద్రిస్తారు, కింది పొరను అలాగే ముద్రిస్తారు. బోర్డు మీద చేరేసరికి ఒకదాని వంకర ఎడమకు, ఇంకొకదాని వంకర కుడికి పడుతుంది. తేడా రెట్టింపు. 150 × 200 మి.మీ. దీర్ఘచతురస్రాన్ని ముద్రించి కర్ణాలు కొలిస్తే ఈ తప్పు దొరుకుతుంది. రెండు కర్ణాలూ 250 మి.మీ. ఉండాలి. ఒకటి ఇంకొకదానికంటే అర మిల్లీమీటరు పొడవుంటే ఒరుగు దాదాపు 0.12 డిగ్రీలు, 100 మి.మీ. ఎత్తు బోర్డు మీద అది 0.2 మి.మీ. జరుగుదల, రెండు పొరల మధ్య 0.4. అడ్డం, నిలువు గుణకాలు ఎన్ని మార్చినా ఇది పోదు.

డ్రిల్లు యంత్రం వచ్చాక బయటపడే తప్పు

చేత్తో రంధ్రాలు వేసేవారికి డ్రిల్లు మొన ప్యాడ్ మధ్య గుంటలో కూర్చుంటుంది. ప్రింటు తప్పయితే రంధ్రమూ దాని వెంటే తప్పుతుంది, బోర్డు మీద అంతా పొందికగానే కనిపిస్తుంది. ఐసీ పెట్టేదాకా గుట్టు రట్టవదు. కంప్యూటర్ నడిపే డ్రిల్లు యంత్రం ప్రింటును చూడదు, డిజైన్‌లోని అంకెలనే చూస్తుంది. దాని రంధ్రాలు సరైన చోట, ప్యాడ్లు తప్పు చోట పడతాయి.

100 మి.మీ. బోర్డు, 0.4 శాతం తప్పు, 1.4 మి.మీ. ప్యాడు, 0.8 మి.మీ. రంధ్రం అనుకుందాం. రంధ్రం చుట్టూ మిగలాల్సిన రాగి వలయం 0.3 మి.మీ. యంత్రాన్ని బోర్డు ఒక మూలకు సరిచూసి మొదలుపెడితే అవతలి అంచుకు చేరేసరికి తేడా 0.4 మి.మీ. అవుతుంది, రంధ్రం వలయాన్ని తెంచుకుని బయటికి వస్తుంది. బోర్డు మధ్య బిందువుకు సరిచూసుకుంటే ఆ 0.4 రెండు అంచులకూ 0.2 చొప్పున పంచుకుంటుంది, చివరి ప్యాడ్‌కు కూడా ఒక పక్క 0.1 మి.మీ. రాగి మిగులుతుంది. సోల్డర్ పట్టడానికి అది కాస్త బొటాబొటీయే.